శనివారం తొమ్మిదింటి జబ్బు

పద్మసరోవర కాలనీ, ఎల్బీనగర్
జూన్ 16, సోమవారం

చిరంజీవి సుజనకు మేనమామ దశరథ ఆశీర్వదించి వ్రాయునది.

విషయం: కాలనీ పఠన మందిరం కంప్యూటర్ – శనివారాలలో అస్వస్థత – గురించి.
సూచిక: నిన్నటి మన ఫోన్ సంభాషణ, మధ్యలో ఆగినది.

నిన్న ఫోన్‌లో నీవు "మామా, మీరేం నొక్కిన్రు?" అని అడిగిన స్వరం, నేరం రుజువయ్యాక అడిగే స్వరం. ముప్పైనాలుగేళ్ల ప్రభుత్వ కొలువులో నన్ను ఆ స్వరంతో ఎవరూ అడగలేదు. అడగదలచినవారు కాగితం మీద అడిగారు. కనుక ఈ వ్యవహారం ఇకమీదట లిఖితపూర్వకంగానే నడుస్తుంది. నోటిమాటకు దస్త్రం ఉండదు. మీ అత్త అండాలు అభిప్రాయం వేరు. "ఫోను పెట్టుకోని ఉత్తరాలు రాసుకునుడు ఏంది, ఇద్దరికి ఇద్దరు దొరికిన్రు" అన్నది. ఆ అభిప్రాయాన్ని దస్త్రంలో చేర్చాను.

ఇక వాస్తవాలు. ఫిబ్రవరిలో నీవు వచ్చి మన ఏకైక కంప్యూటర్‌లో ఎక్కించి వెళ్లిన లినక్స్ అను వ్యవస్థ సోమవారం నుంచి శుక్రవారం వరకు సత్ప్రవర్తనతో మెలగుతున్నది. మే నెలాఖరు నుంచి, శనివారం ఉదయం తొమ్మిదికి తెరిస్తే మాత్రం ఏ వెబ్‌సైటునూ చూపదు. 'ఈ సంబంధం నమ్మదగినది కాదు' అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు హెచ్చరిక చూపుతుంది. సంబంధాలు చూసే పెద్దమనిషి కూడా అంత ముఖం మీద అనడు. ఆ సమయంలో యంత్రంలో దాచిన కాగితాలు జాబితాలో ఎక్కడో అట్టడుగుకు పోతాయి. పదిన్నర దాటిన తర్వాత సమస్య ఉండదు.

దీని ప్రాముఖ్యం నీకు తెలుసు. మే 24న యూపీఎస్ కాలి గదినిండా పొగ వచ్చిన నాటి నుంచి, సంఘం అధ్యక్షుడు రామస్వామికి ఆ గది మీద దృష్టి పడింది. ఆయనకు సరూర్‌నగర్‌లో టెంట్ హౌస్ ఉన్నది. కుర్చీలకు, వంట గంజులకు చోటు చాలడం లేదు. "సారూ, నడువని మిషిన్‌కు రూమెందుకు? నా గంజులకన్న ఇయ్యిండ్రి, నలుగురికి బువ్వ పెడ్తయి" అని నాతో అన్నాడు. ఆగస్టు 2న సర్వసభ్య సమావేశం. ఆలోగా యంత్రం నిలకడగా నడవకుంటే గది గంజుల పాలవుతుంది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ల నుంచి రోజూ నడిచివచ్చి ఇక్కడ చదువుకొని, దరఖాస్తులు పెట్టుకొనే పిల్లలు పదిహేడు మంది. వారి హాజరు పట్టిక నా దగ్గర ఉన్నది.

పుణె నుంచే యంత్రంలోకి వచ్చి చూస్తానన్నావు. బయటివారు కాలనీలోకి వచ్చేటప్పుడు గేటు పుస్తకంలో సంతకం చేయాలన్నది మన నియమావళి. తీగ వెంట వచ్చేవారు ఎక్కడ సంతకం చేస్తారో నియమావళిలో లేదు. కనుక అనుమతి నిరాకరించడమైనది.

తగు చర్య కోరుతూ,
దశరథ
గౌరవ కార్యదర్శి, మరియు నీ మేనమామ


పుణె
జూన్ 20, శుక్రవారం

మహారాజశ్రీ మేనమామ గారి సముఖమునకు,

మీ ఫిర్యాదు అందింది. స్వరం విషయంలో క్షమాపణ. వారానికి ఎనభై మందిని అదే ప్రశ్న అడిగే ఉద్యోగం నాది. ఎనభై మందీ "ఏం నొక్కలే" అంటారు. అందులో డెబ్బైతొమ్మిది మంది నొక్కినవారే ఉంటారు.

మీరు చెప్పిన లక్షణాలను బట్టి నా అనుమానం యంత్రం తేదీ మీద. శనివారం తెర మూలన ఏ తేదీ కనబడుతున్నదో చూడండి. ప్రతి వెబ్‌సైటూ ముందు తన ధ్రువపత్రం చూపిస్తుంది. అది మొన్న మే నెలలో ఇచ్చిన పత్రమనుకోండి. మీ కంప్యూటర్ మాత్రం ఇంకా ఫిబ్రవరిలోనే ఉన్నాననుకుంటే, ముందు తేదీ వేసుకొని వచ్చిన చెక్కును బ్యాంకు తిప్పి పంపినట్టు తిప్పి పంపుతుంది. కాగితాలు జాబితా అడుగుకు పోవడానికీ అదే కారణం. పాత తేదీ పడితే పాతవాటి కిందికే చేరుతాయి.

తేదీ ఎందుకు తప్పుతుంది? యంత్రం లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటుంటుంది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని బతికించేది అదే. అది చచ్చిపోతే గడియారం వెనక్కి పోతుంది. మార్పించండి.

ఒక్కటే అర్థం కావడం లేదు. ఇంటర్‌నెట్ నుంచి సరైన సమయం తెచ్చుకొని తనను తాను దిద్దుకొనేలా ఆ యంత్రాన్ని నేనే అమర్చాను. దిద్దుకోవడం ఎందుకు మానింది? అదీ శనివారమే ఎందుకు? నా పాస్‌వర్డ్ లేకుండా ఆ అమరిక ఎవరూ మార్చలేరు. అది నాకు తప్ప ఎవరికీ తెలియదు. కనుక మనుషుల ప్రమేయాన్ని కొట్టివేస్తున్నాను.

అత్తకు నమస్కారాలు. ఆమె అభిప్రాయాన్ని నేనూ నా దస్త్రంలో చేర్చాను.

సుజన


పద్మసరోవర కాలనీ
జూన్ 30, సోమవారం

చిరంజీవి సుజనకు,

విషయం: బ్యాటరీ మార్పిడి – అమలు నివేదిక.

నీ ఆదేశం మేరకు యంత్రాన్ని ఆటోలో కూర్చోబెట్టుకొని దిల్‌సుఖ్‌నగర్‌లో గడియారాలు బాగుచేసే మల్లేశం దగ్గరకు వెళ్లాను. గడియారానికి సంబంధించిన జబ్బు కనుక గడియారాల వైద్యుడే తగినవాడని భావించాను. అతడు బ్యాటరీ తీసి మీటరు పెట్టి చూసి, "సారూ, గీ బ్యాటరీ నాకంటె గట్టిగున్నది. బతికున్నదాన్ని ఎందుకు తీస్తున్నరు?" అన్నాడు.

"మార్చమని లిఖితపూర్వక ఆదేశం ఉన్నది" అన్నాను.

"ఎవరిది?"

"మా మేనకోడలిది."

"అట్లయితె మారుస్త" అని మార్చాడు. తీసిన బ్యాటరీని తన గోడ గడియారానికి పనికొస్తుందేమో చూశాడు. పనికి రాలేదు. కవరులో పెట్టి ఇచ్చాడు, దస్త్రంలో ఉన్నది.

ఫలితం: శనివారం 28న జబ్బు యథాతథం. తేదీ తప్పుగా ఉన్నమాట వాస్తవం. ఫిబ్రవరి 6 అని చూపింది. నీ అనుమానం సరైనదే అయినందుకు అభినందనలు.

కొత్త లక్షణం ఒకటి. మంగళవారం 24న మూడు ఇరవైకి కరెంటు పోయి, మూడు నలభైకి వచ్చింది. యంత్రాన్ని తిరిగి తెరిచాక అదే జబ్బు. నాలుగున్నర తర్వాత లేదు. మా కార్యవర్గ సభ్యుడు బాపిరాజు గారు అప్పుడక్కడే పత్రిక చదువుతున్నారు. భీమవరం వారు కావడం వల్ల దేనికీ తొందరపడరు. "శనివారపు జబ్బు మంగళవారానికి పాకిందంటే అంటువ్యాధేమోనండీ" అన్నారు. ఆయన కళ్లజోడు తుడుచుకొన్న తీరును బట్టి అది హాస్యమో కాదో నిర్ధారించలేకపోయాను.

అండాలు ఈ ఉత్తరంలో తానూ ఒక ముక్క రాస్తానన్నది. చోటు లేదన్నాను.

దశరథ


పుణె
జూలై 4, శుక్రవారం

మేనమామ గారికి,

మీ ఉత్తరం చివర కాగితం సగం ఖాళీగా ఉంది. చోటు లేకపోవడం ఏమిటో అర్థం కాలేదు. సరే.

నాకు నిద్ర పట్టడం లేదు మామా. పదేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. కాలిపోయిన యంత్రాలు చూశాను, ఎలుకలు కొరికిన తీగలు చూశాను. వారాన్ని చూసి, వేళను చూసి వచ్చి, గంటన్నరకు సెలవు తీసుకొని పోయే జబ్బును చూడలేదు. శనివారాల్లో పక్కసందు వెల్డింగ్ షాపు నడుస్తుందేమో అనుకున్నాను. మంగళవారం దాన్ని కొట్టేసింది. వారానికోసారి తనంతట తాను చేసుకొనే పనేదైనా ఉందేమో అనుకున్నాను. అవి ఆదివారం చేసుకుంటుంది. అప్పుడు మీ గదికి తాళం.

ఆఫీసులో నలుగురికి చెప్పాను. ఒకాయన మదర్‌బోర్డు పగిలిందన్నాడు. ఒకామె ఆ కంప్యూటర్‌ను పారేయమంది. మీ గంజుల రామస్వామి గారికి పుణెలో కూడా మనుషులున్నారు.

ఇక ఒకటే దారి. యంత్రం తన దినచర్య తానే రాసుకుంటుంది. దాన్ని లాగ్ అంటాం. ఎవరు వచ్చారు, ఏం చేయమన్నారు, ఎప్పుడు, అన్నీ అందులో ఉంటాయి. మే మధ్య నుంచి గడియారం మారిన ప్రతిసారీ దాని ముందూ వెనుకా రాసుకొన్న పంక్తులు నాకు కావాలి. వాటిని తెరమీదికి తెచ్చే పద్ధతి వేరే కాగితంలో పెట్టాను. ఫోటో తీసి పంపండి అనాలని ఉంది, కాని ఫోటోకు ధ్రువీకరణ ఉండదంటారని తెలుసు. కనుక చేత్తో నకలు తీసి పంపండి, అక్షరం పొల్లు పోకుండా. ఆ పని మీకన్నా బాగా చేయగలవారిని నేనెరుగను.

సుజన


పద్మసరోవర కాలనీ
జూలై 14, సోమవారం

చిరంజీవి సుజనకు,

జతపరచినవి: లాగ్ నకలు, పదకొండు పుటలు.

రెండు రోజులు పట్టింది. అండాలు తెర చూసి చదవగా నేను రాశాను. "సున్న తొమ్మిది, రెండు చుక్కలు, సున్న నాలుగు, మల్ల రెండు చుక్కలు… ముగ్గేస్తున్నమా ఏంది?" అని ఆమె మధ్యలో రెండుసార్లు లేచి వెళ్లింది. ప్రతి పుట కింద 'అసలుకు నిజమైన నకలు' అని రాసి సంతకం చేశాను. నాలుగవ పుట రాస్తున్నప్పుడు కొన్ని పంక్తులు వదిలివేసినా ఎవరికీ తెలియదనిపించింది. వదలలేదు.

సమావేశపు నోటీసు గోడకు అంటించాను. ఆగస్టు 2, శనివారం, ఉదయం తొమ్మిది గంటలకు, పఠన మందిరంలోనే. అజెండాలో అంశం ఒకటే. గది ఎవరికి?

ఇంకొక విషయం. ఇది మన దస్త్రానికి సంబంధించినది కాకపోవచ్చు. మొన్న శనివారం శ్రీకళ తొమ్మిదీ పదికి వచ్చింది. నల్లగొండ దగ్గర పల్లెలో ఉండే గోపయ్య అనే ఆయన బిడ్డ. ఇక్కడ హాస్టల్‌లో ఉండి ఉద్యోగ పరీక్షలకు చదువుతున్నది. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండుకు ఒక దరఖాస్తు గడువు. యంత్రం జబ్బులో ఉన్నది. "సార్, ఎప్పుడైతది?" అని అడిగింది. పదిన్నరకు అన్నాను. "అంతదాంక ఆగితె సర్వర్ మీద జనం పడ్తరు సార్" అని, కాగితాలు సంచిలో వేసుకొని దిల్‌సుఖ్‌నగర్ నెట్ సెంటర్‌కు పరుగెత్తింది. అక్కడ వరస. పదకొండు యాభై రెండుకు దరఖాస్తు చేరింది. సాయంత్రం వచ్చి "అయింది సార్" అని చెప్పి, తన కుర్చీలో కూర్చొని చదువుకొన్నది.

దశరథ


పుణె
జూలై 18, శుక్రవారం

శ్రీ దశరథ గారికి,

విషయం: సంజాయిషీ కోరుట – గురించి.
సూచిక: మీ నకలు, పుటలు నాలుగు నుంచి పదకొండు.

సదరు పుటలను పరిశీలించగా ఈ దిగువ సంగతులు బయటపడినవి.

మే 31, శనివారం, ఉదయం తొమ్మిదీ నాలుగుకు దశరథ అను వాడుకరి యంత్రం తేదీ మార్చబోయారు. యంత్రం ఒప్పుకోలేదు. 'మీకు అధికారం లేదు. ఈ సంఘటన నివేదించబడును' అని జవాబిచ్చింది. తొమ్మిదీ పదకొండుకు సుజన అను వాడుకరి ప్రవేశించి, సమయం దిద్దుకొనే అమరికను ఆపివేసి, తేదీని ఫిబ్రవరి 6, గురువారం, పది నలభై రెండుకు మార్చారు. తిరిగి పది ముప్పై ఒకటికి ఆమే యథాస్థితికి తెచ్చారు. నాటి నుంచి ప్రతి శనివారం ఇదే తంతు. జూన్ 24 మంగళవారం మూడు నలభై ఒకటికి, నాలుగు ముప్పై ఒకటికి కూడా.

అంటే లాగ్ ప్రకారం దోషిని నేనే. ఆ సమయాల్లో నేను పుణెలో ఉన్నాను. మే 31న ఉప్మా మాడగొట్టిన సంగతి ఇంటి ఓనరమ్మ కూడా సాక్ష్యం చెబుతుంది.

వేళలను ఒక కాగితం మీద వరసగా రాసుకొన్నాను. శనివారం తొమ్మిది నుంచి పదిన్నర. మంగళవారం మూడు నుంచి నాలుగున్నర. రాసి తలెత్తితే ఎదురుగా వంటింటి గోడకు, ఉగాదికి అత్త పంపిన క్యాలెండర్.

రాహుకాలం, మామా.

నెల రోజులు నేను మదర్‌బోర్డును అనుమానించాను. మీ ఉత్తరాలు మళ్లీ చదివాను. 'పదిన్నర దాటిన తర్వాత సమస్య ఉండదు' అని రాశారు. తనంతట తానే తగ్గిపోతుందని ఎక్కడా రాయలేదు. ఒక్క అబద్ధం లేదు. ఒక్క నిజమూ లేదు.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పటి నుంచి మీరు చెప్పిన కథ ఒకటుంది. ఎవరో పెద్ద అధికారి, ఆలస్యంగా వచ్చిన టెండరు కాగితానికి ఇన్‌వర్డ్ పుస్తకంలో రెండు రోజుల ముందు తేదీ వేయమన్నారు. మీరు వేయలేదు. ఆరేళ్లు ప్రమోషన్ పోయింది. ఆ కథ నలభైసార్లు విన్నాను. మనుషులు చెప్పినది కాదు, రాసి ఉన్నది నమ్మాలని నాకు అక్కడే అర్థమైంది. ఈ ఉద్యోగానికి వచ్చింది కూడా అందుకే.

ఏడు రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వగలరు.

సుజన


పద్మసరోవర కాలనీ
జూలై 23, బుధవారం

చిరంజీవి సుజనకు,

విషయం: సంజాయిషీ.

ఆరోపణలన్నీ నిజం. ఒప్పుకొంటున్నాను.

యూపీఎస్ కాలింది శనివారం ఉదయం తొమ్మిదీ ఇరవైకి. పొగ ఇంకా పోకముందే రామస్వామి వచ్చి, "రావుకాలంల మిషిన్ చాలు చేస్తె గిట్లనే అయితది సారూ. ఇంకొక్కటి కాలితె మాత్రం రూము నాదే" అన్నాడు. నాకు అటువంటి నమ్మకాలు లేవని నీకు తెలుసు. నాకూ తెలుసు. అయినా మరుసటి శనివారం స్విచ్చి మీద వేలు పెట్టి చాలాసేపు నిలబడ్డాను.

శనివారాల్లో పదిన్నరకు తెరవవచ్చు కదా అని అడుగుతావు. పనివేళలు మార్చాలంటే సర్వసభ్య సమావేశం తీర్మానించాలి. గడియారం మార్చకూడదని నియమావళిలో ఎక్కడా లేదు. ఫిబ్రవరి 6, పది నలభై రెండు, పంతులు గారు పెట్టిన ముహూర్తానికి మనం దీపం వెలిగించి యంత్రాన్ని తొలిసారి తెరిచిన గడియ. చెడు వేళలో తెరవవలసి వచ్చినప్పుడు దాన్ని ఆ గడియకు తీసుకువెళ్లి, వేళ దాటాక తిరిగి తెచ్చాను. దానికి కీడు తగలకూడదని. ఎట్లా మార్చాలో ఆ యంత్రంలోనే వెతికి నేర్చుకొన్నాను.

'ఈ సంఘటన నివేదించబడును' అని చూసి భయపడిన మాట వాస్తవం. ఎవరికి నివేదిస్తారో, ఏ నంబరు మీద నివేదిస్తారో తెలియలేదు. తొమ్మిది రోజులు మెమో కోసం చూశాను. రాలేదు. అక్కడ కూడా దస్త్రాలు పెండింగ్‌లో ఉంటాయని ఊరట చెందాను.

పాస్‌వర్డ్ నీకు తప్ప ఎవరికీ తెలియదన్నావు. కీబోర్డు అడుగున నీ దస్తూరీతో అంటించి ఉన్న చీటీకి కూడా తెలుసు. ఈ సంగతిని నా తప్పు తగ్గించుకోవడానికి రాయడం లేదు. దస్త్రం సంపూర్ణంగా ఉండాలని రాస్తున్నాను.

అండాలుకు మొదటి నుంచీ తెలుసు. "దేవునికే టైము మార్చి చూపెట్టినోనివి నువ్వొక్కనివే" అన్నది. ఆమె రాస్తానన్న ముక్క అదే.

ఇవన్నీ ఒక ఎత్తు. శ్రీకళ కాగితాలు సంచిలో వేసుకొంటున్నప్పుడు నేను పక్కనే నిలబడి ఉన్నాను. రెండు నిమిషాల్లో తేదీ సరిచేయగలిగి ఉండి కూడా గోడ గడియారం చూశాను. ఇంకా గంట పైన ఉన్నది. చేయలేదు. మంచి గడియేమో యంత్రం దగ్గర ఉన్నది. పరుగెత్తింది ఆ పిల్ల. ఇన్‌వర్డ్ పుస్తకంలో నేను వేయని తప్పుడు తేదీ వల్ల నష్టపోయింది నేను ఒక్కడినే. ఇక్కడ వేసిన తేదీకి మరొకరు పరుగెత్తారు. నలభైసార్లు చెప్పిన ఆ కథను ఇకమీదట చెప్పను.

సమావేశం శనివారం, తొమ్మిది గంటలకు. ఆ వేళ నిర్ణయించింది రామస్వామి. యంత్రాన్ని అందరి ముందు తెరిచి చూపించాలి. నాకు భయంగా ఉన్నది.

దశరథ


పుణె
జూలై 26, శనివారం

మామా,

సంజాయిషీ ఆమోదించడమైనది. చీటీ విషయంలో నా సంజాయిషీ కూడా స్వీకరించండి. రాసిందీ, అంటించి మరిచిందీ నేనే.

చేయవలసినవి: చీటీ చింపేయండి. నా పాస్‌వర్డ్ మార్చేసి, కొత్తది ఏమిటో నాకు కూడా చెప్పకండి. మీ పేరుకే అధికారం వచ్చే పద్ధతి వెనుక పుటలో రాశాను. ఇకమీదట మీరేం చేసినా లాగ్‌లో మీ పేరే పడుతుంది, నాది కాదు. సమయం దిద్దుకొనే అమరికను తిరిగి నడపండి. ఇక దాని గడియారం దానిది.

శనివారం తొమ్మిదికి భయమైతే భయపడండి. తేదీని మాత్రం ముట్టుకోవద్దు. కథ మానేస్తానన్నారు. ముందు ఆ రోజు గడవనివ్వండి, తర్వాత నిర్ణయిద్దాం.

సుజన


పద్మసరోవర కాలనీ
ఆగస్టు 4, సోమవారం

చిరంజీవి సుజనకు,

విషయం: సర్వసభ్య సమావేశం – నివేదిక.

హాజరు ఇరవైఒక్క మంది. కోరం పదిహేను. తొమ్మిదీ రెండుకు యంత్రాన్ని తెరిచాను. తేదీని ముట్టుకోలేదు. తెర మూలన ఆగస్టు 2, తొమ్మిదీ మూడు అని వచ్చింది. ఎక్కడా పొగ రాలేదు.

తర్వాత నేను చేసినదంతా ఒక పుటలో రాసుకొన్నది నిలబడి చదివాను. శ్రీకళ సంగతితో సహా. కింద సంతకం చేసి తీర్మానాల పుస్తకంలో అంటించాను. రామస్వామి, "గివన్ని ఎందుకు సారూ? నడుస్తదా, లేదా?" అన్నాడు.

శ్రీకళ వెనుక నుంచి లేచి వచ్చింది. నావైపు చూడకుండా కీబోర్డు ముందు కూర్చొన్నది. తొమ్మిదీ పన్నెండుకు తన హాల్‌టికెట్ ప్రింట్ తీసి, కాగితం ఊది చల్లార్చి, "నడుస్తది సార్" అన్నది. నాతోనా, రామస్వామితోనా తెలియలేదు.

నడిస్తే గది దక్కుతుందని నెలన్నరగా నమ్మినవాడిని. అట్లా కాలేదు. యంత్రం బాగుంటే ఎవరింట్లోనైనా పెట్టుకోవచ్చని, గంజులు ఎవరింట్లోనూ పట్టవని రామస్వామి వాదించాడు. సభ్యులకు పెళ్లిళ్లలో కుర్చీలు సగం కిరాయికే ఇస్తానన్నాడు. "అదీ నిజమేనండీ, మా అమ్మాయి పెళ్లి మాఘంలోనే కదా" అని బాపిరాజు గారు చెయ్యెత్తారు. అనుకూలం పన్నెండు, వ్యతిరేకం తొమ్మిది. గది టెంట్ హౌస్‌కు ఇచ్చుటకు తీర్మానించడమైనది. నేనే రాశాను. ఆనవాయితీ ప్రకారం చివర సమయం వేశాను. తొమ్మిదీ ఇరవై ఆరు.

రామస్వామి సంతకానికి పుస్తకం తీసుకొని, కలం ఎత్తి, ఆగాడు.

"గీ టైమెందుకు ఏసిన్రు సారూ?"

"ప్రతి తీర్మానానికీ వేస్తాం."

"ఇది రావుకాలం గదా!"

"సమావేశం తొమ్మిదికి పెట్టింది మీరే."

"మీ మిషిన్ గురించి పెట్టిన, నా రూము గురించి పెడ్తనా? పదీ నలభై అని రాయిండ్రి. ఎవరు చూస్తరు?"

"ఎదుటి పుటలో నా ఒప్పుకోలు కాగితం ఉన్నది రామస్వామి గారూ. దాని మీద జిగురు ఇంకా ఆరలేదు."

"ఒక్క అంకె సారూ!"

"అప్పుడు కూడ ఒక్క అంకెనే అన్నరు."

ఎప్పుడో, ఎవరో, ఆయనకు తెలియదు. అది ఇన్‌వర్డ్ పుస్తకం నాటి సంగతి.

పదిన్నర దాటాక మళ్లీ చేతులెత్తిద్దామని బాపిరాజు గారు మధ్యేమార్గం చూపారు. అందరూ సరేనన్నారు, టిఫిన్‌కు లేచారు. పది ముప్పై ఒకటికి లెక్క చూస్తే గదిలో ఎనిమిది మంది. కోరం లేదు. మరో సర్వసభ్య సమావేశం వచ్చే ఏడాదికి గాని లేదు. చేతిలో ఉన్నది తొమ్మిదీ ఇరవై ఆరు తీర్మానం ఒక్కటే.

రామస్వామి దాన్ని మూడుసార్లు చదివాడు. "రావుకాలంల పాసైన రూముల గంజులు పెడితె, ఒక్క లగ్గమన్న నా చేతికొస్తదా సారూ?" అన్నాడు. దుఃఖంతోనే అన్నాడు. తన కలంతో కింద ఇట్లా రాసి సంతకం చేశాడు: 'ప్రతిపాదించిన నేనే ఈ తీర్మానం వాపస్ తీసుకుంటున్న.' సమయం కూడా వేశాడు. పదీ నలభై నాలుగు.

గది పఠన మందిరంగానే కొనసాగుచున్నది. ఇవాళ హాజరు పద్దెనిమిది.

దశరథ


పుణె
ఆగస్టు 8, శుక్రవారం

మామా,

మీ నివేదికను మా ఆఫీసులో ఆ నలుగురికి చదివి వినిపించాను. మదర్‌బోర్డు పగిలిందన్న ఆయన పగలబడి నవ్వాడు. యంత్రాలకు రాహుకాలమేమిటి అన్నాడు. నేనూ నవ్వాను. తర్వాత సీటుకు వచ్చి కూర్చొన్నాక నవ్వు ఆగింది.

మీకు ఇంతవరకు చెప్పనిది ఒకటుంది. శుక్రవారం మధ్యాహ్నం దాటితే మా ఆఫీసులో ఎవరూ ఏ యంత్రాన్నీ ముట్టరు. కొత్తది ఏదీ మొదలుపెట్టరు. ఎప్పుడో ఒక శుక్రవారం సాయంత్రం ఎవరో ముట్టారట, ఆదివారం దాకా ఇంటికి పోలేదట. ఎవరో, ఏ ఊళ్లోనో ఎవరికీ తెలియదు. మేము దాన్ని విధానం అంటాం. గోడకు అంటించుకొన్నాం కూడా.

ఇప్పుడు మూడున్నర. చేయవలసిన చిన్న మార్పు ఒకటి నా ముందు సిద్ధంగా ఉంది. పది నిమిషాల పని. సోమవారం చేస్తాను.

కథ మానకండి. నలభై ఒకటోసారి చెప్పేటప్పుడు గంజుల దగ్గర ముగించండి. అత్తకు నమస్కారాలు.

సుజన


పద్మసరోవర కాలనీ
ఆగస్టు 12, మంగళవారం

చిరంజీవి సుజనకు,

విషయం: నీ లేఖ – అందినట్లు రసీదు.

ఆగస్టు 8 తేదీ గల నీ లేఖ ఈ రోజు మధ్యాహ్నం మూడు ఇరవైకి పోస్ట్‌మన్ ద్వారా అందినది. ఇన్‌వర్డ్ పుస్తకంలో అదే సమయానికి నమోదు చేశాను.

తెరిచి చదివినది నాలుగు ముప్పై ఒకటికి.

దశరథ